కాణిపాకం దాకా రాని కంపెనీ

ఐరాల దగ్గర మా బావ వాళ్ల ఊరికి పెద్ద కంపెనీ వస్తోందన్నారు. ఫ్యాక్టరీ, ఆఫీసు, క్వార్టర్సు, ఆస్పత్రి, అన్నీ ఒకే కాంపౌండులోనట! అందుకోసం ప్రభుత్వం గుట్ట కింద పోరంబోకు భూమిని ఉచితంగా, కరెంటును చవగ్గా ఇచ్చి, కొన్నేళ్లు పన్నులు కూడా మాఫీ చేస్తుందట. ఊరివాళ్ల అభిప్రాయం అడగడానికి సభ పెట్టారు. "నీకు నోరుండాది, నువ్వు రా" అని బావ కబురు చేశాడు. ఆ పోరంబోకులోనే ఆయన బావి ఉంది. బావి పోతే చెరుకు లేదు, చెరుకు లేకపోతే బెల్లం లేదు, బెల్లం లేకపోతే మా అక్క పొయ్యి వెలగదు. తిరుపతిలో నా దుకాణానికి తాళం వేసి బయల్దేరాను.

తెల్లవారుజామున చిత్తూరు బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకున్నాను. ఎక్కి చూస్తే ఆ తువ్వాలు మీదే ఒక బెల్లం వ్యాపారి దర్జాగా కూర్చుని ఉన్నాడు. జరగమని, కంపెనీ సంగతి ఎత్తాను. ఇంకేం, ఆయన అంటుకున్నాడు.

"నేను మండీ పెడితే సర్కారు అగ్గిపెట్టె గూడా ఇయ్యలేదప్పా. వాళ్లకి మాత్రం అత్తసొమ్ము అల్లుడు దానం సేసినట్టు ఇస్తా ఉండారు!"

వెనక సీటు ఆవిడ ఊరుకోలేదు. "నీకేమన్నా, మండీ ఉండాది. మావోడు ఐటీఐ సదివి ఇంట్లో కూసోనుండాడు. కంపెనీ వస్తే తింటాండే చెయ్యి కడగనీకుండా పంపిస్తా."

చంద్రగిరి దాటినా, పూతలపట్టు దాటినా వాదన ఆగలేదు. చిత్తూరులో బస్సు మారాలి. బస్టాండు ఎదుట ఇడ్లీ తినండి, బాగుంటుంది. సాంబారు అడక్కుండానే పోస్తారు, అరవదేశం దగ్గరపడిందని నాలుకకే తెలిసిపోతుంది.

పదకొండింటికి అని చెప్పిన సభ ఒంటిగంటకు మొదలైంది. రెవెన్యూ అధికారి రాయితీలన్నీ చదివాడు. మద్రాసు నుంచి వచ్చిన కంపెనీ మేనేజరు "ఇంటికో ఉద్యోగం!" అన్నాడు. చప్పట్లే చప్పట్లు. బస్సులో తయారు చేసుకున్న ఉపన్యాసంతో నేను లేవబోతే, ముందు వరసలో ఒక అవ్వ లేచింది.

"కాణిపాకంలో ప్రమాణం సేస్తావా నాయనా?"

మా ప్రాంతంలో కోర్టుకన్నా పెద్ద మాట అది. తలస్నానం చేసి ఆ వినాయకుడి ముందు అబద్ధమాడినవాడు బాగుపడడని నమ్మకం. మేనేజరు గతుక్కుమంటాడనుకున్నాను. ఘటికుడు, నవ్వాడు!

"చేస్తానమ్మా. మీరూ రండి. ఆ పోరంబోకులో జానెడు నేల కూడా దున్నలేదని ముందు మీరు చెయ్యండి."

అంతే. ఆ సర్కారు నేలను ఎంతోకొంత దున్నుకోనివాళ్లు ఊళ్లో లేరు, సభంతా తేలు కుట్టిన దొంగలా అయిపోయింది. బావ ఆకాశంలో మబ్బులు వెతకడం మొదలుపెట్టాడు. ఉపన్యాసం పక్కన పెట్టి నేను తువ్వాలు దులుపుకున్నాను. అప్పుడు ఆడవాళ్ల మధ్య నుంచి మా అక్క లేచింది.

"నేను సేస్తా. దున్నినామనే సేస్తా. బావి గూడా ఆడే తవ్వినామని సెప్తా. నిజం సెప్పేదానికి భయమేముండాది? ఇంగ నువ్వు రా సామీ, ఉద్యోగాలు ఎన్నో ఆడ సెప్పు."

"కొంప ముంచితివి గదే!" అని బావ తల పట్టుకున్నాడు. అధికారి బావి సంగతి రాసుకున్నాడు. మేనేజరు గడియారం చూసుకుని, హెడ్డాఫీసును అడగాలన్నాడు. సభ ముగిసింది.

సాయంత్రం బస్సులో నాతోపాటు అక్కాబావలూ ఎక్కారు. నన్ను సాగనంపడానికేమో అనుకున్నాను. దుమ్ము లేపుకుంటూ మేనేజరు జీపు మమ్మల్ని దాటింది. కాణిపాకం మలుపు దగ్గర బస్సంతా లేచి కిటికీల్లో తలలు పెట్టింది. జీపు తిరగలేదు, తిన్నగా చిత్తూరుకే పోయింది. "పాయె!" అన్నాడు కండక్టరు. ఒకటే నవ్వులు.

కాణిపాకంలో బస్సు ఆగగానే అక్క కొంగు దోపుకుని దిగింది.

"ఆయన రాలేదు కదక్కా! నువ్వెందుకు?"

"ఆయప్ప రాకుంటే నా మాట యాడికి పోతాదిరా?"

బావ కాసేపు గొణిగాడు. కండక్టరు విజిల్ వేసేలోపు తనూ దూకాడు. "అదొక్కతే సేస్తే ఎట్ల? బావి తవ్వింది నేను గదా!"

నాకు గర్వమూ కలిగింది, దిగులూ వేసింది. బావి నిలుస్తుందో పోతుందో ఇప్పుడు చెప్పలేను. ఆ సభకు వచ్చినవాళ్లలో ప్రమాణానికి కాణిపాకంలో దిగింది మాత్రం పోగొట్టుకునేవాళ్లే.