అరవై అక్షరాల తెలుగు

వడివేలు మాట్లాడని మనిషని తమిళనాడులోని నల్లంపల్లి గ్రానైట్ కంపెనీలో అందరూ అనేవారు. శుద్ధ అబద్ధం! అతని దగ్గర మాటలు బోలెడు. కాకపోతే అవన్నీ తెలుగులో ఉండేవి, వినే అమ్మ కాలం చేసి రెండేళ్లయింది. పెళ్లి కుదరలేదు. ఇల్లు దాటితే అంతా తమిళమే. తమిళం రాదా అంటే దివ్యంగా వచ్చు, కానీ మనసులోది చెప్పుకుందామంటే అందులోకి నోరు తిరగదు.

1989లో కంపెనీ సేలం హెడ్డాఫీసుకు రాళ్ల కొలతలు టెలిఫోను తీగ మీద పంపేది. వడివేలు కంప్యూటరు పక్కన మోడెం కీచుమని అరిస్తే లైను కలిసినట్టు. కొలతల కింద రిమార్కుల గడి ఒకటుండేది, అరవై అక్షరాలు పడతాయి. ఒకరోజు అతను పరాకున అందులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేశాడు: "వాన వస్తా ఉండాది." అవతల సేలంలో కూర్చునే ధనం అనే అమ్మాయి మరునిమిషమే జవాబిచ్చింది: "ఈడా అంతే అన్నా. తింటివా?"

ఆమెదీ ఇంట్లో నేర్చిన తెలుగే, అతనిలాగే ఆమెకూ తెలుగు లిపి రాదు. ఆ పూట అతనికి సంతోషంతో అన్నం సహించలేదంటే నమ్మండి! అప్పటినుంచి రోజూ నాలుగు మాటలు. ఆమె గొంతు ఎలా ఉంటుందో కూడా తెలియదు.

వాన పడితే మాత్రం తీగలో గోల పుట్టి అడ్డదిడ్డం అక్షరాలు దూరేవి, సేలం కంప్యూటరు బిగుసుకుపోయేది. తిట్లు ధనానికి. "నేనేమీ తాకలేదన్నా, పనిలోనించి తీసేస్తామంటా ఉండారు" అని ఆమె రాసినప్పుడు వడివేలుకు ఒళ్లు మండింది.

సరే, తప్పెక్కడుందో పట్టుకోవడానికి వాన చేసే పని మనమే చేద్దామనుకున్నాడు. ఆఫీసు మూలనున్న పాత కంప్యూటరులో సేలంలో నడిచే ప్రోగ్రామే ఎక్కించి, కొత్తదానితో తీగ కలిపాడు. ఇష్టమొచ్చినట్టు అక్షరాలు పుట్టించి అవతలికి విసిరే చిన్న ప్రోగ్రాం రాసి, దానికి 'కుప్ప' అని పేరు పెట్టాడు. అందరూ అన్నానికి పోయినప్పుడు తొమ్మిది రోజులు చెత్త పోశాడు, పోసిందల్లా ఫ్లాపీలో దాచాడు.

పదో రోజు తప్పు దొరికింది. రిమార్కుల గడిలోకి అరవై దాటి అక్షరాలొస్తే ఆ ప్రోగ్రాం లెక్క చూడకుండా మింగేది. మామూలుగా గొంతుకడ్డం పడి ఆగిపోయేది. కొన్ని అక్షరాలు కలిసొస్తే, అమ్మో, పాస్‌వర్డ్ అడక్కుండానే లోపలి ఫైళ్లన్నీ తెరిచిపెట్టేది! ఫోన్ నంబరు తెలిసినవాడెవడైనా దూరి కొలతలు మార్చేయొచ్చు. నింద మళ్లీ ధనం నెత్తినే.

కబురందుకుని హెడ్డాఫీసు ఇంజినీరు బాలసుందరం స్వయంగా వచ్చి చూశాడు. "ఆ అమ్మాయి ఉద్యోగానికి ఢోకా లేదు, నేను చెబుతాను," అన్నాడు తమిళంలో. "గడి ఎత్తేస్తాను. అన్ని బ్రాంచీల్లో మార్చడానికి రెండు నెలలు పడుతుంది. అప్పటిదాకా ఎందుకు తీశామో ఎవరికీ చెప్పొద్దు. ఆమెకు కూడా."

"లెక్క చూసేలా దిద్దితే చాలదా సార్?"

"దిద్దొచ్చు. ఎందుకయ్యా, అందులో పనికొచ్చే మాట ఎవరైనా రాస్తారా?"

వడివేలు ఫ్లాపీ తీసి ఆయన చేతిలో పెట్టాడు.

గడి పోయిన మూడోనాడు ఫోన్ మోగింది. సన్నటి గొంతు. "ఆపరేటర్ సారేనా? నేను ధనం. మీరే చెప్పి గడి తీయించారంటున్నారు. నిజమా సార్?" ఎవరో కొత్త మనిషిని అడిగినట్టు తమిళంలో అడిగింది.

"అవునమ్మా, నేనే చెప్పినాను," అన్నాడు తెలుగులో. "అయితే..." ఆ పై మాట చెప్పకూడనిది.

"సరే సార్," అని ఆమె పెట్టేసింది.

వడివేలు రోజులు లెక్కపెట్టుకున్నాడు. రెండు నెలలూ నిండిన ఉదయం, చెప్పాల్సిందంతా వరసగా మనసులో పేర్చుకుని సేలానికి ఫోన్ చేశాడు. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"ధనమా? పోయిన నెలే మానేసిందండీ," అంది తమిళంలో. "ఇక్కడ మనసు విప్పి మాట్లాడుకునే మనిషే లేడనేది."