గోడవతలి సంఘం ఎందుకు దాక్కుంది

మా బావ పళ్ళు కడతాడు. పళ్ళ డాక్టరు కొలత తీసి పంపిస్తే, ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని మైనంతో చిగుళ్ళు పోసి, వాటిలో పళ్ళు ఒక్కొక్కటే నిలబెడతాడు. చివర్లో వాటికి మెరుగు పెట్టడం నా పని. అక్క పెళ్ళయిన కొత్తలో, ఖాళీగా గోళ్ళు గిల్లుకుంటున్నానని పిలిచి మోటారు ముందు కూర్చోబెట్టాడు. ఇప్పటికీ లేవనివ్వలేదు.

పొద్దున్నే, అక్క లేవకముందు, నవలలు కూడా రాస్తాడు. ‘గోడవతలి సంఘం’ పేరుతో నాలుగు పుస్తకాలు వచ్చాయి. ఆ సంఘంవాళ్ళు కష్టంలో ఉన్నవాళ్ళ పని చడీచప్పుడు లేకుండా చక్కబెట్టి పోతుంటారు. ఇంటివాళ్ళు ఊరెళ్ళి వచ్చేసరికి కారే కప్పు బాగుపడి ఉంటుంది. ఉద్యోగం పోయినవాడికి ఎక్కడినుంచో పిలుపు వస్తుంది. ఎవరు చేశారో నాలుగు పుస్తకాల్లోనూ ఎవరికీ తెలియదు.

అక్కడే వచ్చింది తంటా. మంచి చేసేవాళ్ళు దొంగల్లా దాక్కోవడం దేనికని పాఠకులు ప్రచురణకర్తని పీక్కుతినడం మొదలుపెట్టారు. ఆయన వచ్చి బావ నెత్తిన కూర్చున్నాడు. ఐదో పుస్తకంలో కారణం చెప్పాలి. బావ చెప్పలేకపోతే ఆ పుస్తకం ఇంకొకరి చేత రాయిస్తాడు. ఒప్పందం ప్రకారం ఆ హక్కు ఆయనదే.

చిక్కేమిటంటే, ఆ కారణం బావకీ తెలియదు.

“వాళ్ళు అలా ఉంటారని తెలుసే. ఎందుకో నాకు చెప్పలేదు,” అన్నాడు నాతో.

నాకు ఒళ్ళు మండింది. “నువ్వు పుట్టించినవాళ్ళు నీకు చెప్పకపోవడం ఏంటి బావా?”

ఏవేవో కారణాలు అల్లాడు పాపం. శత్రువులున్నారన్నాడు. తాతలనాటి ప్రమాణం అన్నాడు. సర్కారు నిషేధించిందన్నాడు. ఒక్కోటీ రాసి తెచ్చి, నా మోటారు ఆపించి చదివేవాడు. “అబద్ధంలా ఉందా?” అని అడిగేవాడు. ఉందనేదాన్ని. ముఖస్తుతి నాకు చేతకాదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. అన్నం సహించడం మానేసింది. ఎప్పుడూ పొల్లుపోని పని కూడా చెడింది. ఓ పెద్దాయనకి పడుచువాడి పళ్ళంత తెల్లటివి పెట్టేశాడు. ఆయన మురిసిపోతూ వెళ్ళాడు. మర్నాడు ఆయన భార్య వచ్చి మార్పించుకుని పోయింది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. పళ్ళు కట్టించుకున్నవాళ్ళు బయట ఎదురైతే మేము ముందుగా పలకరించం. వాళ్ళు పలకరిస్తే సరే, లేకపోతే చూపు కలిసినా కలవనట్టే పోతాం. ఒకసారి బజార్లో బావ సొంత మేనత్త పక్కనుంచే పరాయివాడిలా పోయాడు. ఆవిడ కింది వరస మేము కట్టిందే, పక్కన వియ్యపురాలు ఉంది మరి. ఆవిడేమీ నొచ్చుకోలేదు. పైగా ఆ వారమంతా మేనల్లుడి మర్యాద గురించి అక్కతో చెప్పుకుంది.

ఇంతలో ప్రచురణకర్త పాఠకుల సభ పెట్టాడు. సంఘం రహస్యం రచయిత తన నోటితోనే చెబుతాడని చాటింపు వేశాడు. అధ్యక్షురాలు టీవీలో వార్తలు చదివే ఆవిడ. ఆ మాట వినగానే బావ ముఖం పాలిపోయింది. ఆవిడ పైవరస ముందు పళ్ళు మా గదికి వచ్చి, రంగు సరిచూసుకుని కట్టించుకున్నవే. ఆ సంగతి డాక్టరుకీ మా ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

“వెళ్ళకు బావా,” అన్నాను.

“వెళ్ళకపోతే పుస్తకం పోతుంది.”

“వెళ్ళి మాత్రం ఏం చెబుతావు?”

జేబులోంచి పాత కాగితాలు తీసి మళ్ళీ చదువుకోవడం మొదలుపెట్టాడు.

గ్రంథాలయం హాలు కిక్కిరిసింది. అక్కా నేనూ రెండో వరసలో కూర్చున్నాం. వేదిక మీద ఆవిడ బావ వైపు తిరిగి, “మిమ్మల్ని చూడటం ఇదే మొదలండీ,” అంది.

“నేను మిమ్మల్ని రోజూ టీవీలో చూస్తానండీ,” అన్నాడు బావ. ఇద్దరూ భలే నటించారు.

ప్రచురణకర్తకి మైకు దొరికితే ఒళ్ళు తెలియదు. “మా రచయిత పొద్దున నవలలు రాస్తారు, పగలు పళ్ళు కడతారు,” అన్నాడు. “ఈ హాల్లో ఎన్ని నవ్వులు ఆయన చేతి చలవో ఆయనకే తెలియాలి.”

జనం గొల్లున నవ్వారు. అధ్యక్షురాలి చెయ్యి నోటి మీదకి వెళ్ళింది. తుమ్ము ఆపుకుంటున్నట్టు అక్కడే ఉంచేసింది.

కళ్ళజోడు పాఠకుడొకాయన లేచి, ఆ సంఘం ఎందుకు దాక్కుందో ఇప్పుడైనా చెప్పమన్నాడు. బావ మైకు అందుకున్నాడు. పక్కకి చూశాడు, ఆ చేతి వైపు. అప్పుడు అతని ముఖం వెలిగింది. ఇన్నాళ్ళూ దొరకనిది దొరికిందని నాకు అర్థమైంది. నా ప్రాణం లేచొచ్చింది.

“మా పనిలో...” అని మొదలుపెట్టి, ఆగిపోయాడు.

జనం ఒకరి నోళ్ళు ఒకరు చూసుకుంటున్నారు. ముందు వరసలోంచి ఎవరో, “ఆ కట్టుడు పళ్ళవాళ్ళెవరో కాస్త చూపించండి సార్,” అని వేళాకోళం చేశారు. నా పక్కనున్నామె మెల్లగా వేదిక వైపు, సరిగ్గా ఆ చేతి వైపు చూడసాగింది.

“చూపిస్తానండీ,” అన్నాడు బావ. నోట్లో వేళ్ళు పెట్టి, తన ముందు పళ్ళు నాలుగూ తీసి అరచేతిలో ఎత్తి పట్టుకున్నాడు. “ఇవిగో.”

హాలు విరగబడి నవ్వింది. ఇన్నేళ్ళుగా మరదలిని, పక్క బల్ల మీద పనిచేసేదాన్ని, నాకే తెలియదు. అక్క తల వంచుకుంది. అక్కకి తెలుసన్నమాట. అందరి కళ్ళూ బావ బోసినోటి మీదే ఉన్నాయి. అధ్యక్షురాలు చెయ్యి దించి అందరితో పాటు నవ్వింది. కళ్ళజోడాయన పట్టు వదలక మళ్ళీ అడిగాడు.

“నాకు తెలియదండీ,” అన్నాడు బావ. మాటల్లోంచి గాలి పోయింది. మళ్ళీ నవ్వులు. ప్రచురణకర్త ఒక్కడే నవ్వలేదు.

బయటికి రాగానే దులిపేశాను. “కారణం దొరికింది కదా? నీ మొహంలో చూశాను.”

“దొరికింది.”

“మరి చెప్పి చావొచ్చుగా.”

పళ్ళు పెట్టుకుని, నెమ్మదిగా అన్నాడు. “సాయం చేసినవాడు ఎదురైన ప్రతిసారీ, చేయించుకున్నవాడికి తన లోటే గుర్తొస్తుంది. వాళ్ళు తలెత్తుకు తిరగాలంటే వీళ్ళు కనపడకూడదు. అంతే. కానీ పళ్ళు కట్టేవాణ్ణి, మైకులో ఆ మాటంటే జనం ఎటు చూస్తారు?”

“ఇప్పుడు రాయి అయితే.”

“చదివేది ఆ హాల్లో కూర్చున్నవాళ్ళేగా. ఆ చెయ్యి ఎందుకు లేచిందో అప్పుడైనా ఆలోచిస్తారు.”

ఇంక వాదించలేకపోయాను. కోపం మాత్రం తగ్గలేదు. ఎవరో ఒకావిడ నోటి కోసం నాలుగు పుస్తకాల కష్టం గంగలో కలిసింది. ప్రచురణకర్త అన్నంత పనీ చేశాడు.

ఐదో పుస్తకం వేరే ఆయన రాశాడు. సంఘం ఒక నిధికి కాపలా కాస్తోందట, అందుకే దాక్కుందట. కొట్లో చూసి కొనుక్కొచ్చి బావ బల్ల మీద విసిరికొట్టాను. బావ చేతులు తుడుచుకుని, భోజనం వేళ మొదలుపెట్టి సాయంత్రానికి పూర్తి చేశాడు. ఒక్కసారి కూడా ముఖం చిట్లించలేదు. అది చూసి నాకే ఏడుపొచ్చింది.

“జనం నమ్మారా?” అని అడిగాడు.

“ఎగబడి నమ్ముతున్నారు. ఊరంతా నిధి గురించే మాట.”

బావ పుస్తకం మూసి, చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

“పోనీలే,” అన్నాడు. “ఇంక ఆ సంఘంవాళ్ళని ఎవరూ పట్టుకోలేరు.”