నేరేడు రంగు కారు ఇంకా రాలేదన్నాను

మంగళవారం పొద్దున పదకొండు గంటలకు నేను హైటెక్ సిటీలో, మా ఆఫీసు ఆరో అంతస్తులో మీటింగులో ఉన్నాను. బల్ల మీద ఫోను వణికింది. చూస్తే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు. "వాచ్‌మన్ గుండెపోటుతో పోయాడట. మోటార్ ఎవరు వేస్తారు? ట్యాంకులో నీళ్లు లేవు" అని రెండో అంతస్తు ఆవిడ రాసింది. కింద వరసగా దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. ఫోను బోర్లించి, నా వంతు రాగానే లేచి, ఆ వారం పనులు ఎంతవరకు వచ్చాయో చెప్పాను. గొంతు మామూలుగానే ఉంది. ఎక్కడా తడబడలేదు కూడా.

గ్రూపులో ఆయన వాచ్‌మన్. నాకు పెద్దాయన. ప్రగతి నగర్‌లో మా గేటు దగ్గర ఆరేళ్లు ఉన్నాడు. సెల్లారులో మెట్ల కింద గదిలో ఆయనా, భార్యా కాపురం. కొడుకు క్యాబు నడుపుకుంటూ జీడిమెట్ల వైపు వేరే ఉంటాడు. మా దగ్గరికి రాకముందు ఆయన ఏం చేసేవాడో మా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆయనే చెప్పాల్సి వచ్చింది, అదీ నా పనితనం చూసి ఉండబట్టలేక.

నాకో పిచ్చి ఉంది. ప్లాస్టిక్ కారు నమూనాలు చేస్తాను. పెట్టెలో విడి భాగాలు వస్తాయి. కత్తిరించి, అతికించి, అతుకులు పూడ్చి, రంగు వేస్తే అరచేతి కన్నా కాస్త పొడవైన కారు తయారవుతుంది. నలభై దాటిన మగవాడు బొమ్మకార్లు చేస్తున్నాడని మా ఆవిడ పుట్టింటివాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటారు. ఇంట్లో వాసన వద్దంటే ఒక ఆదివారం సెల్లారులో నిలబడి స్ప్రే డబ్బాతో రంగు కొడుతున్నాను. వెనక నుంచి ఒక దగ్గు వినిపించింది.

"సార్, ఏమనుకోవద్దు. గాలికి అడ్డం నిలవడ్డరు. దుమ్మంతా బండి మీదికే వస్తది. అయినా గంత దగ్గర కొడ్తే కారదా?"

నిజంగానే కారింది. ఆయన నా చేతిలోంచి డబ్బా తీసుకుని, ముందు పాత అట్టముక్క మీద రెండుసార్లు కొట్టి చూసుకుని, తర్వాత కారు మీద ఒక్క ఊపు ఊపాడు. అంతే. నేను నోరు వెళ్లబెట్టాను. అప్పుడు చెప్పాడు, మూసాపేటలో ఒక డెంటింగ్ పెయింటింగ్ షెడ్డులో నలభై ఏళ్లు బండ్లకు రంగు వేశానని. షెడ్డు స్థలం అమ్ముడుపోయి అక్కడ అపార్ట్‌మెంట్ లేచాక, ఇంకో అపార్ట్‌మెంట్‌కు కాపలాకు వచ్చాడు.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం మాకు సెల్లారే బడి. నలుగురిలో "సార్" అనేవాడు. రంగు డబ్బా మూత తీయగానే "బిడ్డా" అయిపోయేవాణ్ణి. అతుకు మీద లప్పం పట్టించి, నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్దాక, కళ్లు మూసుకుని చూపుడు వేలితో తడిమేవాడు. నాకేమో నున్నగా కనిపించేది. "కనవడుడు వేరు, ఉండుడు వేరు. కన్ను మొకం జూసి మాట్లాడుతది బిడ్డా. చెయ్యి ఉన్నదున్నట్టు చెప్తది" అని మళ్లీ రుద్దించేవాడు. నేను విసుక్కుంటే, "తొందరుంటే బస్సెక్కు. రంగు కొట్టే గన్ను వట్టకు" అనేవాడు. లోపం ఉంటే ఉందిలే, రంగు పడితే పోతుందంటే మాత్రం కోపం వచ్చేది. "రంగు కప్పది. చూపెడ్తది" అనేవాడు. నా చదువులో, ఉద్యోగంలో నాకు ఇంత ఓపిగ్గా పని నేర్పినవాళ్లు ఇంకొకరు లేరు. ఈ మాట ఆయనతో ఒక్కసారి కూడా అనలేదు.

పోయినేడు ఒక కంపెనీ పాత మజిల్ కారు నమూనా కొత్తగా తెస్తున్నామని ప్రకటించింది. మజిల్ కారంటే యాభై ఏళ్ల కిందటి అమెరికా బండి. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, అవసరానికి నాలుగు రెట్ల ఇంజను. ఏళ్ల తరబడి మాలాంటి పిచ్చివాళ్లంతా దాని కోసమే కాచుకుని ఉన్నాం. గేటు దగ్గర ఆగి పెద్దాయనకు ఫోన్లో బొమ్మ చూపించాను. ఆయన ఫోను లాక్కున్నంత పని చేశాడు.

"గీ బండి నాకెరుకే!" అన్నాడు.

ఒకప్పుడు ఎవరో పెద్దింటివాళ్ల కారు, అచ్చం అదే, మూసాపేట షెడ్డుకు వచ్చిందట. నేరేడు పండు రంగు. అప్పటికే ఆయనకు పెళ్లయింది, కొడుకు పుట్టాడు, చెయ్యి తిరిగిన పెయింటరని పేరు కూడా వచ్చింది. "పదకొండు దినాలు రుద్దిన బిడ్డా. రుద్ది రుద్ది చేతుల గీతలు వోయినయి. ఇగ రంగేసే దినం షెడ్డు ఉస్తాద్ లోపలికి వోయి తలుపేసుకుండు. గసొంటి బండికి ఇంకోని చెయ్యి వడొద్దన్నడు. నేను బయట నిలవడి గన్ను సప్పుడు ఇన్న." చెబుతూ నవ్వాడు. తర్వాత అడిగాడు, "గిది వచ్చినంక నేనేస్త రంగు. ఏయనిస్తవా?"

"మీరు కాకపోతే ఇంకెవరు వేస్తారు పెద్దాయనా" అన్నాను. ఆ మాట ఇచ్చింది నేనే.

అక్కడి నుంచి ఇద్దరం కలిసి ఎదురుచూశాం. విదేశంలోని దుకాణంలో ముందుగానే చెప్పి పెట్టుకున్నాను. విడుదల రెండుసార్లు వాయిదా పడింది. ఆఫీసు నుంచి రాగానే గేటు తీస్తూ తల ఎగరేసేవాడు, వచ్చిందా అన్నట్టు. ఈలోగా ఆయన ఊరికే కూర్చోలేదు. నేరేడు రంగు సీసాలో దొరకదని, నీలంలో ఎరుపూ, చిటికెడు నలుపూ కలిపి ప్లాస్టిక్ చెంచాల మీద వేసి చూశాడు. నచ్చలేదు, మళ్లీ కలిపాడు. చివరికి తొమ్మిది చెంచాలు బట్టల తీగకు వేలాడాయి. రంగు వడగట్టడానికి భార్య వాయిల్ చీర కొంగు కూడా చింపుకున్నాడు. ఆమె నా దగ్గరికి వచ్చి ఫిర్యాదు చేసింది. "పెండ్లిల గూడ గింత సోకు లేకుండె సారూ ఈయనకు" అంది.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

మా ఆఫీసులో ఒక రోజు ఉద్యోగుల సరదాల ప్రదర్శన పెట్టారు. ఎవరి అభిరుచి వాళ్లు చూపించుకోవచ్చు. అంతకుముందు మేమిద్దరం చేసిన నీలం కారు తీసుకెళ్లాను. జనం మూగారు. మా మేనేజరు అద్దం పెట్టినట్టున్న ఆ రంగు చూసి, "ఈ పెయింట్ మీరే వేశారా?" అని అడిగాడు. "నేనేనండి" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. నోట్లోంచి వచ్చేసింది. తర్వాత సరిదిద్దుకోవడానికి రోజంతా వ్యవధి ఉంది, దిద్దుకోలేదు. మా వాచ్‌మన్ వేశాడంటే కారు విలువ తగ్గుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తగ్గేది కారు విలువ కాదని తెలుసు. వాళ్లు అంతటితో ఊరుకోలేదు. కొత్త కారు ఎలా చేస్తారో మొదటి నుంచి వీడియోలు తీసి తమందరికీ చూపించాలన్నారు. నేను ఒప్పుకున్నాను. ఆ వీడియోల్లో పెద్దాయన చెయ్యి కనిపిస్తే ఎలా?

అందుకని పార్సిల్ ఆఫీసుకు తెప్పించుకున్నాను. ఇంటికొచ్చే పార్సిళ్లన్నీ గేటు దగ్గర ఆయనే తీసుకుంటాడు కదా. పెట్టెను ఆఫీసులోనే పారేసి, భాగాలను లాప్‌టాప్ సంచిలో సర్దుకుని వచ్చాను. గేటు తీస్తూ పెద్దాయన తల ఎగరేశాడు.

"ఇంకా రాలేదు పెద్దాయనా. కస్టమ్స్‌లో ఆపేశారు" అన్నాను.

సంచి నా భుజానే ఉంది. ఆయన కస్టమ్స్ వాళ్లను తిట్టాడు. "ప్లాస్టిక్ బండిల ఏముంటది వాళ్లకు? జర గట్టిగ అడుగు సార్" అన్నాడు. ఐదారు వారాలు అదే ప్రశ్న, అదే జవాబు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, ఫికర్ చెయ్యకు, బండి విడిపిస్తే కొబ్బరికాయ కొడతానని మైసమ్మకు మొక్కుకున్నానని చెప్పాడు. నేను తల ఊపి లిఫ్ట్ ఎక్కాను.

బాల్కనీ తలుపులు మూసుకుని, ఫోను నిలబెట్టి వీడియో తీసుకుంటూ ఆ కారుకు రంగు వేశాను. ఉస్తాద్ తర్వాత ఆయన ముందు తలుపేసుకున్న రెండో మనిషిని నేను. రంగు ముడతలు పడింది. గీకి మళ్లీ వేస్తే మళ్లీ పడింది. కింద మూడంతస్తుల దూరంలో దానికి మందు తెలిసిన మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు, నేను అడగలేను. చివరికి దిగి వెళ్లి, ఊరికే మాటవరసకన్నట్టు, "పెద్దాయనా, ఒక్కోసారి రంగు ముడతలు పడుతుంది కదా, ఎందుకంటారు?" అన్నాను.

"కింద కోటింగ్ ఆరకముందే మీద ఇంకోటి వెడ్తే గట్లయితది. లోపలిది ఆరలే, మీదిది ఆగలే. మొత్తం తీసేసి మొదటి నుంచి సురువు చెయ్యాలె. ఇంకో తొవ్వ లేదు" అన్నాడు. చెబుతూనే నా చేతి వంక చూశాడు. బొటనవేలి గోరు అంచున నేరేడు రంగు.

"చేతికి ఏందది?"

"పెన్ను కక్కిందండి. ఇంకు."

"ఇంకా? సబ్బు వెట్టి కడుగు, వోతది" అన్నాడు.

నలభై ఏళ్లు రంగుల్లో బతికిన మనిషికి ఇంకుకూ రంగుకూ తేడా తెలియకుండా ఉంటుందా? నాకు తెలియదు. మర్నాడు సాయంత్రం కూడా గేటు తీస్తూ తల ఎగరేశాడు. నేను కూడా ఎప్పటిలాగే ఇంకా రాలేదన్నాను. అది సోమవారం. మంగళవారం పొద్దున వాకిలి ఊడుస్తూ పడిపోయాడట.

నేను ఆఫీసు ముగించుకుని వచ్చేసరికి దహనం అయిపోయింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. మూడో రోజు మాత్రం సెలవు పెట్టి, పిట్టకు పెట్టడానికి వాళ్ల వెంట ప్రగతి నగర్ చెరువు గట్టుకు వెళ్లాను. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అన్నం, మటన్ కూర, కోడిగుడ్డు, కల్లు, బీడీ కట్ట పెట్టారు. కాకులు ఎదురుగా గోడ మీద వరసగా కూర్చున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు.

కొడుకు చేతులు జోడించి, "నాయినా, అమ్మను మంచిగ చూసుకుంట. పరేషాన్ గాకు" అన్నాడు. కాకి రాలేదు. పెద్దాయన బామ్మర్ది ముందుకొచ్చి, ఊళ్లో భూమి పంచాయితీ తెంపుకుంటానని మాటిచ్చాడు. అయినా రాలేదు. ఎండ ఎక్కుతోంది. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడు ఆయన భార్య కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"గా బండి బిడ్డా! గదే అయ్యుంటది. సోమారం నాడు గూడ అన్నడు, రేపో ఎల్లుండో వస్తదే అని. జర నువ్వు చెప్పు. వస్తది అని చెప్పు. నీ మాటయితే ఇంటడు."

అందరూ పక్కకు జరిగి నాకు దారి ఇచ్చారు. విస్తరి ముందుకు వెళ్లి నిలబడ్డాను. చెప్పాల్సింది నాకు తెలుసు. వచ్చింది పెద్దాయనా, ఎప్పుడో వచ్చింది, మీకు చూపించకుండా దాచుకుని పాడుచేశాను. నాలుగు మాటలు. వినడానికి అక్కడ పదిమంది ఉన్నారు, వాళ్లలో ఆమె ఉంది.

"బండి వస్తుంది పెద్దాయనా" అన్నాను. "మీరు కలిపిన రంగే వేస్తాను."

గోడ మీద నుంచి ఒక కాకి దిగింది. విస్తరి చుట్టూ అడుగులేసి, అన్నం ముద్దను ముక్కుతో పొడిచి, ఇంత నోట పెట్టుకుంది. వెనకే ఇంకో రెండు వాలాయి. "ముట్టింది, ముట్టింది" అంటూ అందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు. కొడుకు నా భుజం తట్టాడు.

ఆమె ముందుగా కాకికి దణ్ణం పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, నేను వద్దు వద్దంటున్నా, నాకూ పెట్టింది.