అరువు బొంత

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు, చర్చిలో పాస్టరు గారికి తెలుసు, మా ఊరు గరాచర్మ వెళ్ళే బస్సు కండక్టరుకైతే మరీ బాగా తెలుసు. కుట్టు మిషన్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఎవరినీ ఏమీ అనను. నోట్లో గుండుసూదులు ఉంటాయి కాబట్టి అనలేను కూడా.

పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న మా ఆఫీసుకి రెండు మూడేళ్ళకోసారి సముద్రం అవతల మెయిన్‌లాండ్ నుంచి కొత్తవాళ్ళు వస్తుంటారు. వచ్చిన రోజు నుంచి వానని తిడతారు, కూరగాయల్ని తిడతారు, ఇంటర్నెట్‌ని తిడతారు. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు చేతికొచ్చేసరికి అదే మనుషులు జెట్టీ మీద నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తారు. అలా వెళ్ళిపోతున్న ఒక మేడమ్ క్వార్టర్ ఖాళీ చేస్తూ, పాత టీషర్టులు ఓ సంచీ నిండా నా చేతికిచ్చి, "తుడుచుకోడానికి వాడుకోండి దీదీ" అంది. ఇంటికొచ్చి విప్పి చూశాను. క్రికెట్ మ్యాచ్‌కి ఆఫీసంతా వేసుకున్న నీలం టీషర్టు, రక్తదాన శిబిరంలో ఇచ్చిన ఎర్రది, హేవ్‌లాక్ దీవి పిక్నిక్‌లో కల్లు మరకో కూర మరకో తేలని తెల్లది. వీటితో బల్లలు తుడవాలా? నాకు మనసు ఒప్పలేదు.

మా అమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది. నేనూ అలాగే మొదలుపెట్టాను కానీ టీషర్టు గుడ్డ చీర కాదు. సాగుతుంది, మిషన్ పాదం కింద ముడుచుకుపోతుంది, కత్తిరించిన అంచు చుట్ట చుట్టుకుంటుంది. ఇస్త్రీ పెడితే అతుక్కునే పల్చటి కాన్వాసు గుడ్డ వెనక వేస్తే మాట వింటుందని నేర్చుకునేలోపు రెండు టీషర్టులు పాడుచేశాను. ముక్కలన్నీ చదరాలుగా కోసి, కలిపి, వెనక పాత కాటన్ చీర వేసి కుట్టి ఇస్తే ఆ మేడమ్ జెట్టీ మీద మామూలు కంటే ఎక్కువ ఏడ్చింది.

ఇంక అదే ఆనవాయితీ అయిపోయింది. ఎవరు ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళినా నెల ముందే సెక్షన్‌లో గుసగుసలు మొదలయ్యేవి. తలా ఒక టీషర్టు తెచ్చి నా బల్ల సొరుగులో పడేసేవారు. వెళ్ళే రోజు సమోసాలు, చాయ్, సూపరింటెండెంట్ గారి ఉపన్యాసం, చివరికి నా బొంత. తొమ్మిది బొంతలు కుట్టాను. తొమ్మిదీ సముద్రం దాటి వెళ్ళిపోయాయి. నేను గొప్పగానే చెప్పుకునేదాన్ని.

మా సెక్షన్‌లో ఫైళ్ళు మోసే ఆవిడ నాకు స్నేహితురాలు. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చేపల వేట కుటుంబం వాళ్ళది, జంగ్లీఘాట్‌లో ఇల్లు, మొగుడికి చిన్న బోటు ఉంది. పదిహేనేళ్ళుగా మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల మీద తింటున్నాం. నా గిన్నెలో కూరగాయలుంటే ముక్కు విరిచి తన చేపముక్క నా పళ్ళెంలో వేసేది. నా కోపానికి భయపడని మనిషి ఆఫీసు మొత్తానికి అదొక్కతే.

ఒకరోజు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "అక్కా, రొమ్ములో గడ్డొకటి తగుల్తంది" అంది. ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అంది.

"ఎన్నాళ్ళైంది?"

"నాలుగు నెల్లు."

ఒళ్ళు మండిపోయింది నాకు. నాలుగు నెలలు కడుపులో పెట్టుకుని కూర్చుందా! అప్పటికప్పుడు సెలవు చీటీ రాయించి ఆస్పత్రికి లాక్కెళ్ళాను. పరీక్షలయ్యాయి. ఆలస్యం చెయ్యకుండా చెన్నై వెళ్ళి ఆపరేషన్ చేయించుకోమని రెఫర్ చేశారు. వెళ్తే బాగవుతుందని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. ఇది మాత్రం తన పాప పదో తరగతి పరీక్షలయ్యాక అంది, బోటు రిపేరయ్యాక అంది, వానలు తగ్గాక అంది. మొగుడూ నేనూ రెండువైపులా పట్టుకుని పోరితే ఆఖరికి, "సరే, ఛలో, ఎల్తాను" అంది. నాలుగు వారాల తర్వాతి శుక్రవారం ఓడకి టికెట్లు దొరికాయి.

అక్కడ ఆడవాళ్ళ వార్డులో రాత్రిళ్ళు మొగుణ్ణి ఉండనివ్వరట. ఏసీ చలట. ఇది పుట్టి బుద్ధెరిగాక చలి అన్నది చూడలేదు. ఒంటరిగా, వణుకుతూ, భాష రాని ఊళ్ళో ఎలా పడుకుంటుంది? ఈ ఆలోచన రాగానే నా చేతులు ఊరుకోలేదు. రహస్యంగా అందరి దగ్గరా టీషర్టులు అడిగాను. అడగడమే ఆలస్యం, సూపరింటెండెంట్ గారు కూడా తన వాలీబాల్ టీషర్టు తెచ్చిచ్చారు. వాళ్ళాయన వేటకి వేసుకుని వేసుకుని వెలిసిపోయిన పచ్చది ఇచ్చాడు. పాప స్కూల్ స్పోర్ట్స్‌ది ఇచ్చింది. మూడు వారాలు నడుం విరిగేలా కుట్టాను. నేను కుట్టిన వాటన్నిటిలోకీ అదే మంచి బొంత, ఇప్పటికీ అదే మాట అంటాను.

ఓడకి రెండు రోజుల ముందు, బుధవారం సాయంత్రం, ఎప్పటిలాగే సమోసాలు తెప్పించాం. ఎప్పటిలాగే చాయ్. సూపరింటెండెంట్ గారు లేచి ఎప్పటిలాగే గొంతు సవరించుకుని, "హమ్ ఆప్‌కో హమేషా యాద్ రఖేంగే" అన్నారు. మిమ్మల్ని ఎప్పటికీ గుర్తుపెట్టుకుంటామని. పాపం ఆయనకి వచ్చిన ఉపన్యాసం అదొక్కటే. అందరూ చప్పట్లు కొట్టారు. నేను బొంత తీసి దాని ఒళ్ళో పెట్టాను.

అది ఒక్కో ముక్కనీ వేలితో తడిమింది. నవ్వుతుందని చూస్తున్నాను. నవ్వలేదు. బొంతని జాగ్రత్తగా మడిచి, బల్ల మీద పెట్టి, సంచీ తీసుకుని బయటికి నడిచింది.

మెట్ల దగ్గర పట్టుకున్నాను. "ఏమైందే నీకు? ఇంతమంది ముందు అలా లేచి వచ్చేస్తావా?"

"ఇన్నాల్లూ ఈ బొంతలు ఎవులికి కుట్నావక్కా?"

"ఎవరికేంటి, అందరికీ కుట్టాను."

"అందరికీ కాదు. ఎల్లిపోయినోల్లకి కుట్నావు. ఆల్లలో ఒక్కులైనా మల్లీ వొచ్చినారా? చెప్పు. ఒక్కులు?" సెక్షన్ వైపు చెయ్యి చూపించింది. "మీరందరూ కూడబలుక్కుని నాకూ కుట్టీసినారు. నా సమోసాలు తినీసినారు. హమేషా యాద్ రఖేంగే అనీసినారు. ఇంకేటి మిగిలింది? నానెల్లను. ఏటైతే అదే అవుద్ది, ఇక్కడే అవనీ."

అక్కడ నేను చెయ్యాల్సింది దాన్ని దగ్గరికి తీసుకోవడం. చేసింది మాత్రం అరవడం. మూడు వారాలు నా నడుం పడిపోయిందన్నాను, మంచి చేసినా చెడుగా చూసే మనిషివన్నాను, చస్తే చావు నాకేంటన్నాను. ప్రభువు నన్ను క్షమించుగాక, మా పాస్టరు గారికి కూడా నేను ఆ మాట చెప్పలేదు. అది మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఒళ్ళో బొంత పెట్టుకుని గరాచర్మ బస్సులో కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. తొమ్మిది మందినీ వరసగా తలుచుకున్నాను. ఢిల్లీ వెళ్ళిన మేడమ్, కొచ్చి వెళ్ళిన సారు, పెళ్ళై వెళ్ళిన టైపిస్టు పిల్ల. అది చెప్పింది నిజం. ఒక్కరూ తిరిగి రాలేదు. ఎందుకు వస్తారు, వాళ్ళ ఊళ్ళకి వాళ్ళు పోయారు. కానీ చావంటే భయపడుతున్న మనిషి ఒళ్ళో అదే బొంత, అదే సమోసా, అదే ఉపన్యాసం పెట్టామే, మాలో ఒక్కరికైనా బుర్ర ఉందా? ఇంటికొచ్చి ముక్కలు విడగొట్టేద్దామని కత్తెర తీశాను. వాళ్ళాయన పచ్చ టీషర్టు దగ్గర రెండు కుట్లు తెంపి, ఇక చేతకాక, ఆ రెండూ మళ్ళీ వేసి కూర్చుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే బొంత పట్టుకుని జంగ్లీఘాట్ వెళ్ళాను. అది గుమ్మంలో కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. నన్ను చూసి కూడా తలెత్తలేదు. లోపల వాళ్ళాయన రెండు బ్యాగులూ సర్ది గోడకి ఆనించి ఉంచాడు, వాటినీ ఎవరూ చూడడం లేదు. పాప నా వైపు చూసిన చూపు ఉంది చూశారూ, అది ఎవరికీ వద్దు. క్షమించమని అడుగుదామనే వచ్చాను. దాని మొండి మొహం చూడగానే నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఇది నీకిచ్చానని ఎవరన్నారే?"

అప్పుడు తలెత్తింది. "మరి?"

"ఇది నాది. నా దారం, నా కాన్వాసు, వెనక వేసింది మా అమ్మ చీర. వాళ్ళందరికీ ఇచ్చేశాను, అందుకే వాళ్ళు తిరిగి రాలేదు. నీకు ఇవ్వడం లేదు. అరువిస్తున్నాను. చెన్నైలో చలికి కప్పుకుని, తెచ్చి నా చేతికివ్వాలి. తేకపోతే నేను ఊరుకునే మనిషిని కాదని నీకు తెలుసు."

చేప చేతిలోంచి జారి పళ్ళెంలో పడింది. ఇక నవ్వు ఆపుకోలేకపోయింది. "పాత టీషర్టులు కూడా అరువేనా? అబ్బ, ఎంత పిసినారివక్కా!" అని నవ్వుతూ నవ్వుతూనే ఏడవడం మొదలుపెట్టింది. నేనూ గుమ్మంలోనే కూలబడి, పొలుసులంటిన ఆ చేతులు పట్టుకుని, నిన్న అన్న మాటకి క్షమాపణ అడిగాను. భయంగా ఉందక్కా అంది. నాకూ భయంగానే ఉందే అన్నాను. శుక్రవారం ఓడెక్కింది, బొంత చంకలో పెట్టుకునే ఎక్కింది.

ఐదు నెలలు. ఆపరేషన్ అయింది, మందులు ఎక్కించడం మొదలైంది. వీడియో కాల్‌లో బొమ్మ ఆగిపోయి ఆగిపోయి వచ్చేది. ఒకరోజు తలకి గుడ్డ కట్టుకుని కనిపించింది, జుట్టు పోయిందని నవ్వింది. నేను ఫోన్ పెట్టేసి ఆఫీసు బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. ప్రతి కాల్‌లోనూ బొంత కనిపించేది. ఒకసారి భుజాల మీద, ఒకసారి కాళ్ళ మీద, ఒకసారి తలగడ కింద. మధ్యాహ్నం ఒక్కదాన్నే ఆ బల్ల మీద తినేదాన్ని. కూర ఎవరికీ పెట్టబుద్ధి అయ్యేది కాదు.

ఓడ వచ్చిన రోజు నేనూ పాపా హడ్డో జెట్టీ గేటు దగ్గర మూడు గంటలు నిలబడ్డాం. చివరికి దిగింది. సగమైపోయింది మనిషి, కానీ తన కాళ్ళ మీద తను నడుస్తోంది. పాప పరిగెత్తి పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను, ఏడ్చాను, దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. అదంతా అయ్యాక కళ్ళు తుడుచుకుని వాళ్ళాయన చేతిలో సామాను చూశాను. రెండు బ్యాగులు, ఒక ప్లాస్టిక్ బకెట్టు.

"బొంతేదే?"

అది తల దించుకుంది. "తేలేదక్కా."

"తేలేదంటే? పారేశావా? ఓడలో మర్చిపోయావా? నీకు చిలక్కి చెప్పినట్టు చెప్పానే, అది నాదని!" జెట్టీ మీద జనం తిరిగి చూస్తున్నారు. చూస్తే చూడనీ.

"అరువిచ్చీసినాను" అంది మెల్లిగా.

ఆఖరి వారంలో పక్క మంచం మీదికి మా దీవుల్లోనే ఉన్న హట్‌బే నుంచి ఒక బెంగాలీ పిల్ల వచ్చిందట. ఇరవై రెండేళ్ళట. ఆపరేషన్ వద్దని, ఇంటికి పోతానని, రెండు రోజులు అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుందట. "దానికి నీ బొంత కప్పినానక్కా. నాది కాదు, పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక దీదీది, మహా కోపిష్టి, దీన్ని తిరిగి తెచ్చి ఇయ్యకపోతే హట్‌బే వొచ్చి మరీ నిన్ను తిడతాది అన్నాను. నువ్వే తీసుకెల్లి ఇయ్యాల అన్నాను. అప్పుడు అన్నం తినింది." అని నా మొహంలోకి చూసింది. "నీ వొస్తువు నిన్నడక్కుండా ఇచ్చీసినాను. తిట్టు మరి."

తిడదామనే నోరు తెరిచాను. తిట్టు బదులు వాళ్ళాయన చేతిలో బకెట్టు లాక్కుని ఆటో వైపు నడిచాను.

రెండు నెలల తర్వాత అది మళ్ళీ డ్యూటీలో చేరింది. బరువులు ఎత్తకూడదు కాబట్టి ఇప్పుడు రిజిస్టర్ దగ్గర కూర్చుంటుంది. ఒక మధ్యాహ్నం ఇద్దరం తింటుండగా దాని ఫోన్‌కి ఆ హట్‌బే పిల్ల వాయిస్ మెసేజ్ పంపింది. సన్నటి గొంతు, హిందీలో గబగబా మాట్లాడింది. తనని డిశ్చార్జ్ చేశారట, సోమవారం ఓడట, బొంత ఉతికి బ్యాగులో పెట్టేసిందట. కానీ తన మంచం మీదికి మన దీవుల్లోదే మాయాబందర్ నుంచి ఒక ఆమె వచ్చి ఒకటే ఏడుస్తోందట. ఏం చెయ్యమంటారు, ఆ కోపం దీదీని అడిగి చెప్పండి, అంది.

అది నా పళ్ళెంలో చేపముక్క వేసింది.

"ఇచ్చి రమ్మను" అన్నాను. "కానీ అరువని చెప్పమను. గట్టిగా చెప్పమను. ఆమే తెచ్చివ్వాలి, ఇంకెవరి చేతా పంపకూడదు."