వెలిగిన బల్బుకు సున్నా

కొన్నేళ్లుగా నా ఛాతీ మీద ఒక బరువుంది. డాక్టరుకు చెబితే గ్యాస్ అన్నాడు. గోలీలు మింగాను. గ్యాస్ కాదని మింగేటప్పుడే తెలుసు. అదొక చిన్న ఎర్ర బల్బు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను. నవ్వకండి. నవ్వించబోయే ఇంత దూరం తెచ్చుకున్నాను.

అప్పట్లో నేను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బడులు తిరిగి పిల్లలకు ఎలక్ట్రానిక్స్ నేర్పేవాణ్ణి. నేర్పేది నేను కాదు లెండి, బడికి కొనిచ్చిన కిట్టు డబ్బా. బోర్డు మీద ఏ రంధ్రం కింద లైటు వెలిగితే అక్కడ తీగ గుచ్చాలి. చెప్పినట్టు గుచ్చితే దానితో వచ్చిన ట్యాబ్ చప్పట్లు కొట్టి మూడు నక్షత్రాలిస్తుంది. లేదంటే సున్నా. ఎందుకు గుచ్చామో అది చెప్పదు, మనం అడగం. నేనూ దానితోనే నేర్చుకున్నాను. నక్షత్రాలన్నీ నాకే వచ్చాయి. వాటిని చూసే నన్ను సారును చేశారు.

మిర్యాలగూడలో ఒక బడి. గేటు మీద మనిషి కంటే ఎత్తున హైటెక్ ల్యాబ్ ఫ్లెక్సీ. పదో తరగతిలో ఆ రోజు పోటీ. గెలిచినవాళ్లు సూర్యాపేటలో ప్రదర్శనకు వెళ్తారు. నీరజ అనే అమ్మాయి కిట్టులో ఒక రెసిస్టర్ లేదు, ఎవరో పోగొట్టారు. అది కరెంటును తగ్గించకపోతే బల్బు మాడిపోతుంది. ఆమె నన్ను పిలవలేదు. తక్కువ విలువ రెసిస్టర్లు రెండు తీసి ఒకదాని వెనక ఒకటి కలిపింది. చిన్న ఎర్ర బల్బు వెలిగింది. ట్యాబ్ సున్నా చూపించింది.

"సార్, ఎలిగింది గద. సున్నా ఎందుకిచ్చింది?"

"ట్యాబ్ చెప్పినట్టు చెయ్యలే గద నువ్వు."

"గా రెసిస్టర్ డబ్బల లేదు సార్. రెండు కలిపితే గంతే అయితది. జర సూడున్రి."

"ట్యాబ్ తప్పంటుంది మరి."

"ట్యాబ్‌కు కండ్లున్నయా సార్? మీకున్నయి గద."

క్లాసంతా నా వైపు తిరిగింది. రెండు కలిపితే అంతే అవుతుందా? నాకు తెలియదు. పేరుకు ఎలక్ట్రానిక్స్ సారును, నిజంగా తెలియదు. తెలియదని ఒక్క మాట అంటే ఏం పోయేది? కానీ నాలుక చివర జోకు సిద్ధంగా ఉంది.

"ఇద్దరు సగం డ్రైవర్లను కూసోబెడితే ఒక ఫుల్ డ్రైవర్ అయితడా, నీరజా?"

క్లాసు పగలబడి నవ్వింది. ఆమె తీగలు ఒక్కొక్కటే పీకి డబ్బాలో పెట్టింది. బల్బు ఆరిపోయింది.

సూర్యాపేటకు మూడు నక్షత్రాల పిల్లవాడు వెళ్లాడు. అక్కడ ట్యాబ్ చార్జింగ్ అయిపోయింది. వాడు బోర్డు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాణ్ణేమనగలను? అచ్చం నాలాగే తయారయ్యాడు.

ఇంటికెళ్లి పుస్తకం తెరిచాను. వరుసగా కలిపితే విలువలు కూడుకుంటాయట. కూడిక! ఆ క్లాసులో ప్రతి సంచిలోనూ ఉన్న పుస్తకమే. మరుసటి వారం అదే బడికి వెళ్లి, అదే బల్లల మధ్య తిరిగి, కొత్త జోకులు రెండు చెప్పి వచ్చాను. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు.

మరుసటి ఏడాది నేరేడుచర్ల షేర్ ఆటోలో నీరజ ఎదురుగా కూర్చుంది. ఇంటర్‌లో ఏ గ్రూపు అని అడిగాను.

"సీఈసీ సార్. కరెంటు సంగతి నాకెక్కదు గద. మీరే అన్నరు."

సీఈసీలో తప్పేం లేదు. కానీ నేనా మాట అనలేదు. అంతకంటే గట్టిగా, నలభై మంది నవ్వులతో చెప్పాను. అప్పుడైనా నోరు విప్పి ఉండవచ్చు. దిగాల్సిన చోటు రాకముందే దిగిపోయాను.

ఒళ్లు మండిపోతుంది. చెయ్యి పట్టి దిద్దించేవాడు ఒకనాటికైనా ఆ చెయ్యి వదలాలి కదా? ఈ కిట్టు వదలదు. అయినా దానికి బాగా నేర్పుతుందని పేరు, బడికి ఫ్లెక్సీ, నాకు జీతం. పిల్లలకేం మిగిలింది? ఇలా కిట్టును తిట్టుకుంటే హాయిగానే ఉంటుంది. కానీ ఆ జోకు కిట్టు వేయలేదు.

క్షమించమని అడగను. అదో డ్రామా అవుతుంది. ఆ రోజు ఆ క్లాసులో అనాల్సిన మాట ఒక్కటే: నీ బల్బు వెలిగింది, నీరజా. నాకు కనిపించింది.

రాసేశాను. గోలీ లేకుండానే కాస్త ఊపిరాడుతోంది.