నిలువు తీగ, అడ్డం తీగ

లిఫ్ట్ మెకానిక్ ఫోనుకు రోజూ ఉదయం ఆరూ ముప్పై ఒకటికి ఒక అంకె వచ్చేది. ఎక్కువ రోజులు ఆరు, ఎప్పుడైనా ఐదు. ముందూ వెనకా ఒక్క మాట ఉండేది కాదు. పంపేది వాళ్ల బావ, అంటే అక్క భర్త. జ్వరంతో పడుకున్న రోజుల్లో కూడా పంపాడు. రెండేళ్ల నాలుగు నెలల్లో ఆ అంకె రాని ఉదయం లేదు.

ఆ అంకె ఏమిటో తెలియాలంటే మెకానిక్ దగ్గరున్న పెట్టె సంగతి తెలియాలి.

అతనికి యాభై నాలుగేళ్లు. ఆరంతస్తుల భవనంలో, కింద వెనకవైపు రెండు గదుల్లో భార్యతో ఉంటాడు. ఆ భవనం లిఫ్టు కాక చుట్టుపక్కల మరో తొమ్మిది లిఫ్టులు అతని చేతిలో ఉన్నాయి. మాట తక్కువ. "మా ఆయన నోరు తెరిపించడం కంటే రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టు తలుపు తెరవడం తేలిక" అని భార్య అందరికీ చెబుతుంది. కుర్రతనంలోనే పరీక్ష రాసి, సరదాకి రేడియో నడుపుకునేవాళ్లకిచ్చే లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ లైసెన్సు ఉన్నవాళ్లు సాధారణంగా దూరదేశాలవాళ్లతో కబుర్లు చెబుతారు. కబుర్లు అతనివల్ల కాలేదు. బీకన్ పెట్టుకున్నాడు.

బీకన్ ఎవరితోనూ మాట్లాడదు. సబ్బుపెట్టె అంత డబ్బా అది. చిన్న టార్చిలైటు బల్బుకు పట్టే కరెంటులో సగం కూడా తినదు. ప్రభుత్వం ఇచ్చిన ఆరు అక్షరాల గుర్తును పాత టెలిగ్రాఫు టిక్కు టకటకల్లో చెబుతుంది, తర్వాత పది సెకన్లు ఒకే స్వరంలో కూస్తుంది, ఆగుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఎక్కడో ఉన్నవాళ్లు రేడియో తిప్పుతూ దాన్ని పట్టుకుంటారు. అది ఎప్పుడూ ఒకేలా కూస్తుంది కాబట్టి, నిన్న గట్టిగా వినబడి ఇవాళ సన్నగా వినబడితే, తేడా వచ్చింది మధ్యలో ఉన్న ఆకాశంలోనని వాళ్లకు అర్థమవుతుంది. దాని విలువంతా మారకపోవడంలోనే ఉంది. ఆరేళ్లుగా అది భవనం పైన, లిఫ్ట్ రూమ్‌లో, మోటారు పక్కన గోడకు వేలాడుతోంది. బయట డాబా మీద బోల్టులతో బిగించిన నిలువు గొట్టం దాని యాంటెన్నా. చోటు ఇచ్చినందుకు ఆ భవనం లిఫ్టును మెకానిక్ ఊరికే చూసిపెడతాడు.

బావ ఉండేది ఇరవై రెండు కిలోమీటర్ల అవతల ఇంకో ఊళ్లో. ఇరవై ఎనిమిదేళ్లు అక్కడి బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పిన మనిషి. ఇంట్లో కూడా అదే గొంతు. భోజనానికి పిలిస్తే వీధి చివరివాళ్లు కూడా చేతులు కడుక్కునేవారని అక్క ఎగతాళి చేసేది. పిల్లలు లేరు. అక్క పోయిన ఎనిమిది నెలలకు ఆయన గొంతులో పుండు బయటపడింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ మీద చిన్న రంధ్రం మిగిలింది, దానిమీద తెల్లటి గుడ్డ. ప్రాణం దక్కింది, మాట పోయింది. చెప్పాల్సింది పిల్లల పలక మీద రాసేవాడు. తర్వాత అదీ మానేశాడు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు.

మెకానిక్ ఒక ఆదివారం పాత రేడియో సెట్టు ఒకటి పట్టుకెళ్లి కిటికీ దగ్గర పెట్టాడు. డాబా మీద నీళ్ల గొట్టానికి నిలువుగా ఒక అల్యూమినియం కడ్డీ కట్టి, దాని తీగను కిటికీలోంచి లోపలికి లాగాడు.

"బావా, పొద్దున్నే ఆరున్నరకి లేచి ఇది పెట్టు. నా పెట్టె ఎంత గట్టిగా వినబడుతుందో చెప్పు. అసలు వినబడకపోతే సున్నా, చెవులు గింగురుమంటే తొమ్మిది. ఒక్క అంకె ఫోన్లో కొట్టు, చాలు. అది మారదు. ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. నాకు ఆ లెక్క కావాలి."

బావ పలక అందుకుని "అబద్ధం" అని రాశాడు.

అబద్ధమే. మెకానిక్‌కు ఏ లెక్కా అక్కర్లేదు. కానీ మర్నాడు ఆరూ ముప్పై ఒకటికి అంకె వచ్చింది. ఆరు. అంకె కొట్టాలంటే మనిషి లేచి కూర్చోవాలి, కిటికీ తెరవాలి, కాసేపు వినాలి. మెకానిక్ అడిగింది అంతే. మెల్లగా పాలవాడి దగ్గరికి వెళ్లడం, గడ్డం గీసుకోవడం కూడా మొదలయ్యాయని ఎదురింటివాళ్లు చెప్పారు.

తిప్పలు పై అంతస్తు ఫ్లాట్ సీలింగులో మొదలయ్యాయి. వానాకాలంలో తడి మరక తేలింది. భవనం సెక్రటరీ, రిటైరైన హెడ్‌మాస్టరు, మెకానిక్‌ను వెంటబెట్టుకుని డాబా ఎక్కాడు. గొట్టం బోల్టుల బెజ్జాల్లోంచే నీళ్లు దిగుతున్నాయి. మెకానిక్ అడ్డు చెప్పలేదు. తనే గొట్టం విప్పి బెజ్జాలు పూడ్చాడు. సెక్రటరీ తీర్మానం రాయించి లిఫ్టులో అంటించాడు: "డాబాపై ఏ స్తంభమూ నిలబెట్టరాదు."

ఇక కొత్త యాంటెన్నా ఎలా అన్నది మిగిలింది. లిఫ్టు తనిఖీ కాగితం వెనక మెకానిక్ మూడు బొమ్మలు గీశాడు. ఒకటి, ఇంటి కిటికీకి కడ్డీ. కింద అంతస్తు, నాలుగువైపులా గోడలు, లాభం లేదు. రెండోది, రాగి గొట్టాన్ని చక్రంలా వంచి పెట్టడం. మనిషి దగ్గరికొస్తే చాలు దాని శ్రుతి తప్పుతుంది. మూడోది, లిఫ్ట్ రూమ్ నుంచి నీళ్ల ట్యాంకు దాకా అడ్డంగా ఐదు మీటర్ల తీగ. బెజ్జం అక్కర్లేదు, కంటికీ ఆనదు.

భార్య భుజం మీంచి చూసింది. "దానిమీద బట్టలు ఆరేసుకోవచ్చా?"

"కూడదు."

"అయితే నన్నడక్కండి."

ఆదివారం తీగ కట్టాడు. బీకన్లు వినేవాళ్లకోసం ఇంటర్నెట్లో ఒక పేజీ ఉంది. యాంటెన్నా మారిందని అందులో పద్ధతిగా రాశాడు. వారం తిరక్కుండా నాలుగు వేల కిలోమీటర్ల అవతల ఒక దీవి నుంచి ఈమెయిలు వచ్చింది, మీ బీకన్ మొదటిసారి విన్నామని. తర్వాత ఇంకో రెండు. ఆరేళ్లలో ఎన్నడూ అంత దూరం పోలేదు. భోజనం దగ్గర ఆ సంగతి రెండుసార్లు చెప్పాడు, అది అతని లెక్కలో ఉపన్యాసం కిందే లెక్క.

"ఊరూ పేరూ తెలియనివాళ్లు విన్నారని సంబరం సరే, అన్నయ్యగారికి వినబడుతోందా?" అంది భార్య.

వినబడటం లేదు. తీగ కట్టిన మర్నాటి నుంచీ సున్నా. మెకానిక్ "బ్యాటరీ మార్చు బావా" అని పంపాడు. మర్నాడు సున్నా. "కడ్డీ దగ్గర తీగ ఊడిందేమో చూడు" అన్నాడు. సున్నా. పనుల ఒత్తిడిలో, ఆదివారం వెళ్లి చూద్దామనుకున్నాడు. ఆ ఆదివారం ఆసుపత్రి లిఫ్టు ఆగిపోయింది.

పదకొండు సున్నాలు వచ్చాయి. పన్నెండో రోజు అసలేమీ రాలేదు.

ఆరూ ముప్పై ఒకటి దాటింది. ముక్కాలయింది. ఏడయింది. ఫోను చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఎత్తినా మాట్లాడలేని మనిషి. భార్య అతని చేతిలోంచి పనిముట్ల సంచి తీసుకుని పక్కన పెట్టింది. తర్వాత దాన్నే మళ్లీ అందించింది. "తీసుకెళ్లండి, ఏం అవసరం పడుతుందో" అంది. అతను తోటి మెకానిక్‌కు పనులు అప్పజెప్పి బస్సెక్కాడు.

బావ ఊరి బస్టాండులో ఇప్పుడు ఎవరో అమ్మాయి గొంతు రికార్డు చేసి పెట్టారు. అది బస్సుల పేర్లు చదువుతోంది. మెకానిక్ దాదాపు పరుగున వెళ్లాడు.

తలుపు తీసే ఉంది. బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ప్రాణానికేమీ కాలేదు. మెకానిక్ గుమ్మంలోనే నిలబడి ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు చూశాడు, కిటికీ దగ్గర రేడియో లేదు. బీరువా మీద, అక్క కుట్టిన మిషన్ తొడుగులో చుట్టి ఉంది.

"ఏమైంది బావా? అంకె పంపలేదేం?"

బావ పలక తీశాడు. "చెవులు కూడా పోయాయి" అని రాశాడు. తుడిచి మళ్లీ రాశాడు. "మొదట గొంతు. ఇప్పుడు ఇవి."

"చెవులా? ఇప్పుడు నేనన్నది వినబడిందిగా."

"దగ్గరివి వినబడతాయి. సన్నవి పోయాయి."

"ఎవరు చెప్పారు, డాక్టరా?"

బావ పలక తుడిచాడు. తర్వాత రాసి ఇటు తిప్పాడు. "నీ పెట్టె మారదు కదా. నువ్వే చెప్పావు. మారింది నేనే."

మెకానిక్ మంచం అంచున కూర్చున్నాడు. యాంటెన్నా మారిన సంగతి నాలుగు వేల కిలోమీటర్ల దూరం వాళ్లకు చెప్పాడు. ఇరవై రెండు కిలోమీటర్ల దూరానికి చెప్పడం మరిచిపోయాడు.

"అది మారింది బావా," అన్నాడు. "నేనే మార్చాను. నీకు చెప్పలేదు."

లేచి, రేడియోను బీరువా మీంచి దింపి, కిటికీ దగ్గర పెట్టి తీగ తగిలించాడు. బుసబుస తప్ప ఏమీ లేదు. అతనికీ వినబడలేదు. "చూశావా, నాకూ లేదు. నా చెవులు కూడా పోయాయంటావా?" అన్నాడు. మెకానిక్ సంచి తీసుకుని డాబా ఎక్కాడు.

కడ్డీ నిటారుగా ఉంది, తను కట్టినట్టే. దాన్ని చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు తట్టింది. పుస్తకంలో చదివిందే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. చాలా దూరం పోయే తరంగం ఆకాశానికి తగిలి దిగేసరికి మెలి తిరిగిపోతుంది; దానికి నిలువైనా అడ్డమైనా ఒకటే. పక్క ఊరికి నేరుగా వచ్చే తరంగం అలా కాదు. నిలువు తీగ నుంచి బయలుదేరితే నిలువు కడ్డీకే సరిగా అందుతుంది. తన తీగను పడుకోబెట్టి, బావ కడ్డీని నిలబెట్టి ఉంచాడు.

"బావా, వినబడితే కిటికీ ఊచ మీద కొట్టు," అని కిందికి కేకేశాడు.

పానాతో క్లాంపు వదులు చేసి కడ్డీని మెల్లగా వంచాడు. సగం వంగింది. చప్పుడు లేదు. ఇంకా వంచాడు, పిట్టగోడ ఎత్తుకు అడ్డంగా వచ్చింది. కింద ఊచ మీద సుద్దముక్కతోనో దేనితోనో ఒక్క దెబ్బ వినబడింది. కాసేపాగి ఇంకొకటి. తర్వాత వరసగా.

దిగి వచ్చి విన్నాడు. కూత స్పష్టంగా ఉంది, అతని చెవికి ఆరు. బావ పలక మీద నాలుగు అని వేశాడు. ఇద్దరూ ఒకే సెట్టు ముందు, ఒకే కూత విన్నారు. మెకానిక్ ఆ రెండంకెల తేడా గమనించాడు.

"కడ్డీని ఇలాగే ఉంచేస్తాను బావా. గట్టిగా బిగిస్తాను."

బావ తల అడ్డంగా ఊపాడు. పలక నిండా రాశాడు. "ఒరేయ్, నేను మొదటి నుంచీ నువ్వు నిలబెట్టినట్టే ఉన్నాను. పడుకున్నది నువ్వు. ముందు నువ్వు లే."

రెండేళ్లలో ఆయన రాసినవాటిలో అంత పొడుగుది లేదు. మెకానిక్ డాబా ఎక్కి కడ్డీని మళ్లీ నిటారుగా నిలబెట్టాడు.

నిలువు యాంటెన్నా కావాలి, స్తంభం నిలబెట్టకూడదు. మర్నాడు పొద్దున తన భవనం లిఫ్ట్ రూమ్ పైన, మోటారును ఎత్తడానికి వేసిన ఇనుప దూలానికి ఒక వెదురు గడ కట్టి పిట్టగోడ అవతలికి చాపాడు. దాని కొసనుంచి ఐదు మీటర్ల తీగను కిందికి వదిలాడు. లిఫ్టు బిగించేటప్పుడు నిలువు చూసుకోవడానికి తాడుకు కట్టే గుండు ఒకటి అతని దగ్గర ఉంది. దాన్ని నైలాను తాడుతో తీగ చివర కట్టాడు. తీగ గాలికి కాస్త ఊగి నిలిచింది.

సెక్రటరీ తీర్మానం కాగితంతో సహా వచ్చాడు. "ఏమయ్యా మెకానిక్, మళ్లీ నిలబెట్టావా?"

"నిలబెట్టలేదు సార్. వేలాడదీశాను."

సెక్రటరీ తీగను చూశాడు, కాగితం చూశాడు. వ్యాకరణం చెప్పిన మనిషి. "వేలాడదీయరాదని రాయలేదు," అని ఒప్పుకుని లిఫ్టెక్కాడు.

దీవి వాళ్లకు బీకన్ మళ్లీ వినబడలేదు. బావ నుంచి ఆరూ ముప్పై ఒకటికి నాలుగు వచ్చింది. మర్నాడూ నాలుగే.

"నాలుగేమిటి, ఇదివరకు ఆరు కదా. కాస్త కరెంటు పెంచరాదూ?" అంది భార్య.

"పెంచితే ఆరు వస్తుంది. ఆ పెరిగిన రెండూ నావి, బావవి కావు."

ఆమెకు అర్థమైంది. చెవుల భయం పూర్తిగా ఉత్తది కాదు. సున్నా అయితే కాదు, కానీ కొంత తగ్గింది. పెట్టె మారకుండా ఉంటేనే అది ఎంతో తెలుస్తుంది. అంకెలు రాసుకున్న నోటుబుక్కు మెకానిక్ వెనక్కి తిప్పి చూశాడు. ఐదులు తను అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నాయి, అవి కిందటేడు నుంచి దగ్గరదగ్గరగా పడుతున్నాయి. ఫోను తీసి, "గురువారం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం బావా. నేనొస్తాను," అని పంపాడు.

జవాబు వెంటనే వచ్చింది. సున్నా.

"రానంటున్నారా?" అంది భార్య.

"అదే."

మర్నాడు ఆరూ ముప్పై ఒకటికి ఫోను మోగింది. నాలుగు. మెకానిక్ నోటుబుక్కులో వేసి సంచి భుజానికి తగిలించుకున్నాడు. గుమ్మం దాటకముందే ఇంకోటి వచ్చింది. ఈసారి అంకె కాదు.

"గురువారం ఎన్నింటికి?"

సంచి దింపి, బస్సుల వేళలు ఆయనకే బాగా తెలుసు కాబట్టి, "నువ్వే చెప్పు బావా," అని కొట్టాడు.