బ్లాస్టర్ బాలప్ప చేతులు

2018 వానాకాలం మొదట్లో నన్ను తాండూరు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీకి చెందిన సున్నపురాయి గనికి ఫోర్‌మన్‌గా వేశారు. నా సర్వీసులో అదే చివరి పోస్టింగు. కాపురం వికారాబాద్‌లో. పొద్దున రైల్లో తాండూరు పోవడం, సాయంత్రం మళ్లీ రైల్లోనే తిరిగి రావడం.

గనిలో హోదాల సంగతి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. పైన మైన్స్ మేనేజరు ఉంటాడు, ఆయన కింద ఫోర్‌మన్. షిఫ్టులో ఏం జరిగినా మొదట నిలదీసేది ఫోర్‌మన్‌నే. నా కింద డ్రిల్లర్లు, మేస్త్రీలు, ఒక బ్లాస్టరు. రాయిని పేల్చేవాడే బ్లాస్టరు. దానికి పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అది లేనివాడు డిటొనేటరును ముట్టుకోవడానికి వీల్లేదు. డిటొనేటరంటే చిటికెన వేలంత గొట్టం. దాన్ని పేలుడు మందు కట్టలోకి జాగ్రత్తగా దోపి, రాతిలో తొలిచిన బోరులోకి దించి, పైన రాతిపొడి కూరతారు. ఎన్ని యంత్రాలు వచ్చినా ఆ దోపే పని మాత్రం మనిషి చేత్తోనే చేయాలి. అందుకే గనిలోకి పోయే ప్రతి ఒక్కరూ, మేనేజరుతో సహా, గేటు దగ్గర, తాగారో లేదో చెప్పే మిషన్‌లో ఊదాలి. పచ్చలైటు వస్తే లోపలికి, ఎర్రలైటు వస్తే ఇంటికి. ఎర్రలైటు మళ్లీ మళ్లీ వస్తే ఉద్యోగమే పోతుంది.

మా బ్లాస్టరు పేరు బాలప్ప. కొడంగల్ అవతలి పల్లె నుంచి వచ్చి తాండూరులో ఇల్లు కట్టుకున్నాడు. ఇంట్లో సగం తెలుగు, సగం కన్నడం. మాటలు తక్కువ. అతను పేలిస్తే రాయి ఎగిరి పడేది కాదు, ఉన్నచోటే కుప్పగా కూలేది. నా సర్వీసులో చాలామంది బ్లాస్టర్లను చూశాను, తిట్టాను. ఇతన్ని తిట్టే అవకాశం మాత్రం దొరకలేదు.

ఒకప్పుడు బాగా తాగేవాడట. నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పనిచేసే అతని భార్య సావిత్రమ్మ వికారాబాద్‌లో ఆసుపత్రిలో చేర్పించి మాన్పించింది. నేను వచ్చేనాటికి మానేసి ఏళ్లు గడిచాయి. మైసమ్మ తల్లికి యాటపోతును బలిచ్చిన రోజు గనిలో అందరూ సీసాలు తెరిస్తే, అతను ఒక పక్కన కూర్చొని కూర కలుపుకొని నిమ్మళంగా తినేవాడు. ఎవరెంత ఆటపట్టించినా నవ్వి ఊరుకునేవాడు. ఇక ఇతనికి ఫికరు లేదనుకున్నాం.

ఆ మరుసటి ఎండాకాలంలో ఊళ్లో అతని అన్న పోయాడు. మూడో రోజు పిట్టకు పెట్టడం ఆ వైపు ఆచారం. పోయినవాడికి ఇష్టమైనవన్నీ మోదుగాకు విస్తట్లో పెడతారు. తాగే అలవాటుంటే పక్కన సీసా కూడా పెడతారు. కాకి ముట్టాక ఇంటివాళ్లు తలా కొంచెం తీసుకోవాలి. బాలప్ప ముద్ద తీసుకొని సీసా దగ్గరికొచ్చేసరికి వద్దన్నాడు. కులపెద్దలు ఊరుకోలేదు.

"గది తాగుడు కాదుర బాలప్ప. మీ అన్న పేరు మీద ముట్టుడు. నువ్వు కాదంటె పోయినోని పానం ఊకుంటదా?"

ఈ మాటలు సావిత్రమ్మ తర్వాత నాకు చెప్పింది. ఆమె అడ్డుపడితే, ఆడదానివి నీకేం తెలుసని కూర్చోబెట్టారట. బాలప్పకు కూడా అది తాగుడు అనిపించలేదు. సీసా మూతెడు తీసుకున్నాడు. ఆ సాయంత్రానికే ఒక్కడే బయటికి పోయి నిండా తాగివచ్చాడు. ఆ పెద్దమనుషుల మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒక్క మూతతో ఒక మనిషిని ముంచి, విస్తరి ఎత్తేసి, చేతులు కడుక్కొని వెళ్లిపోయారు.

ఊరి నుంచి డ్యూటీకి తిరిగొచ్చిన మొదటి రోజే ఎర్రలైటు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను మిషన్ పాడైందనుకొని ఇంకోసారి ఊదమన్నాడు. బాలప్ప ఊదలేదు. "మిషిన్ మంచిగనే ఉన్నది తమ్మీ" అని టిఫిను డబ్బా పట్టుకొని వెనక్కి తిరిగాడు. నేను పిలిచినా ఆగలేదు.

తర్వాత కొన్ని నెలలు అతను పడ్డ పాట్లు నేను కళ్లారా చూశాను. ఇంటికి పోయే దారిలో వైన్‌షాపు వస్తుందని ఊరంతా చుట్టి పోయేవాడు. జేబులో పైసలుంటే కాళ్లు అటే లాగుతున్నాయని జీతం నేరుగా సావిత్రమ్మ చేతికి పోయేలా రాయించుకున్నాడు. ఆదివారం సెలవైనా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకొని గేటుకు వచ్చి మిషన్‌లో ఊదేవాడు. పచ్చలైటు చూసుకొని ఇంటికి పోయేవాడు. పొద్దున ఊదాలన్న భయంతోనే శనివారం రాత్రి ఆగగలుగుతున్నానని నాతో చెప్పాడు. సెక్యూరిటీవాళ్లు మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. ఇన్ని చేసినా నడుమ నడుమ పడిపోతూనే ఉన్నాడు. పడిన ప్రతిసారీ తాగుడు అంతకుముందుకన్నా ఎక్కువయ్యేది.

వానలు ముదిరిన రోజుల్లో ఒకసారి వరుసగా డ్యూటీకి రాలేదు. సావిత్రమ్మ గేటు దగ్గరికి వచ్చి, తెల్లవారేదాకా తాగుతున్నాడని చెప్పి ఏడ్చింది. ఇంకోసారి ఎర్రలైటు వస్తే పేరు తీసేస్తామని మేనేజరు అప్పటికే హెచ్చరించి ఉన్నాడు. ఆ మాట ఆమెతో చెప్పి పంపాను. రెండు రోజుల తర్వాత బాలప్ప వచ్చాడు. ఊదాడు. పచ్చలైటు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. నేనే వెంటబెట్టుకొని బెంచి మీదికి తీసుకుపోయాను. బెంచి అంటే గనిలో మెట్టులా తొలిచిన రాతి వరుస.

బోర్లన్నీ సిద్ధంగా ఉన్నాయి. బాలప్ప గొంతుక్కూర్చొని కట్ట చేతిలోకి తీసుకున్నాడు. రెండో చేతిలో డిటొనేటరు. రెండు చేతులూ వణుకుతున్నాయి. ముసురు పట్టిన చల్లటి పొద్దున, మొహమంతా చెమట. డిటొనేటరు మొన కట్టకు చేసిన రంధ్రం చుట్టూ తిరుగుతోంది కానీ అందులోకి దిగడం లేదు. ఒక చేత్తో ఇంకో చేతి మణికట్టు పట్టుకున్నాడు. అయినా ఆగలేదు. దాన్ని మెల్లగా కింద పరిచిన చాప మీద పెట్టమన్నాను. పెట్టాడు. అందరినీ వెనక్కి పంపాను.

"ఎప్పుడు తాగినవ్ బాలప్పా?"

"తాగలే సార్. రెండొద్దులైతుంది, సుక్క ముట్టలే. మా సావిత్రి మీద ఒట్టు." చేతుల వంక చూసుకుంటూ అన్నాడు. "తాగకుంటెనే వణుకుతయి సార్. జర పడితె నిలబడుతయి. తాగొస్తె గేటు కాడ ఆపుతరు. తాగకుంటె గీడ నువ్వు ఆపుతున్నవ్. మరి నన్నేం చెయ్యమంటవ్ సార్?"

ముప్పై ఏళ్లకు పైగా కంఠతా పెట్టిన గనుల నిబంధనల ప్రకారమే నడిచాను. డిటొనేటర్లను తిరిగి పెట్టెలో పెట్టించి తాళం వేయించాను. ఆ రోజు బ్లాస్టింగ్ ఆపేశాను. బాలప్పను బ్లాస్టింగ్ పని నుంచి తప్పిస్తున్నట్టు మేనేజరుకు చెప్పాను. ఇవాళైనా అదే చేస్తాను. ఆ చేతుల దగ్గర ఇంకా ఏడుగురు మనుషులున్నారు.

మధ్యాహ్నం రైల్లో అతన్ని, సావిత్రమ్మను వెంటబెట్టుకొని వికారాబాద్ ఆసుపత్రికి పోయాను. బోగీలో అతను కిటికీ పక్కన దుప్పటి కప్పుకొని కూర్చున్నాడు. ఆమె దారి పొడుగునా అతని రెండు చేతులూ తన ఒళ్లో పెట్టుకొని అదిమి పట్టింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి కేకలేశాడు. అంత తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వస్తాయని, ప్రాణమే పోవచ్చని, మందులిస్తూ మెల్లగా మాన్పించాలని చెప్పాడు. మేం మురిసిపోయిన పచ్చలైటు వెనక ఉన్న ఆ తాగని రెండు రోజులే అతనికి అన్నిటికన్నా ప్రమాదమైన రోజులని అప్పుడు అర్థమైంది.

వార్డు నుంచి వచ్చేసరికి వణుకు తగ్గింది. కానీ మేనేజరు అతనికి మళ్లీ బ్లాస్టింగ్ ఇవ్వలేదు. ఆయన్ని తప్పుపట్టలేను. ఎర్రజెండా పని ఇచ్చారు. పేల్చే ముందు గనికొచ్చే దారిలో నిలబడి బండ్లను, గొడ్లను ఆపాలి. కొత్తగా సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్లవాడు బెంచి మీద కట్టలు దోపుతుంటే, బాలప్ప దూరంగా జెండా పట్టుకొని నిలబడేవాడు. పేలిన చప్పుడు వినగానే "ఒక బోరు సరిగ కూరలే" అనేవాడు. పోయి చూస్తే నిజంగానే రాయి ఎగిరి పడి ఉండేది. తాగకుండా ఉండటానికి అతనికున్న ఒకే ఒక్క ఆధారం ఆ బ్లాస్టింగ్ పని. దాన్ని అతని చేతుల్లోంచి తీసింది నేను. కొన్ని నెలలకు జెండా పనికి కూడా రావడం మానేశాడు.

రిటైరయ్యాక ఒకసారి పెళ్లి పనిమీద తాండూరు పోయినప్పుడు మార్కెట్ దగ్గర సావిత్రమ్మ కనిపించింది. బాలప్ప ఎట్లున్నాడని అడిగాను.

"నిన్న తాగలే సార్" అంది. "మొన్న తాగిండు. ఇయ్యాల పొద్దుగాల్ల నేను పనికొచ్చెటప్పుడు గడప మీద కూసున్నడు. తలుపు బయట నుంచి గొళ్లెం పెట్టు, నన్ను లోపటేసి పో అన్నడు."

"పెట్టినవా?"

"పెట్టిన. ఇగ మెల్లగ పోయి తియ్యాలె. తీసినంక ఏమైతదో నాకు తెల్వది సార్" అని సంచి అందుకొని నడిచింది.

నా తర్వాత వచ్చిన ఫోర్‌మన్లు అప్పుడప్పుడు సలహా అడుగుతుంటారు. మిషన్‌లో పచ్చలైటు చూసి ఊరుకోవద్దు, చేతులు చాపించి చూడండి అని చెబుతాను. వణికితే బెంచి ఎక్కించకండి, ఇంటికి కూడా పంపకండి, అదే రోజు ఆసుపత్రిలో చేర్పించండి అంటాను. ఆ తర్వాత ఏం చేయాలని కూడా అడుగుతారు. అది బాలప్ప నన్ను అడిగిన ప్రశ్నే. తాగి వచ్చినవాణ్ని ఆపడం మాకు నేర్పారు. మానాలని వచ్చినవాణ్ని నిలబెట్టడం ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు.